వయసు మీరిన లేత్, అనుభవం లేని లేత్

కొత్తగరువు చక్కెర మిల్లు మూతబడ్డాక పోలినాయుడి ఉద్యోగం పోయింది గానీ, చేతుల దురద పోలేదు. మిల్లు రిపేరు షెడ్డులో లేత్ యంత్రం మీద ఇనుము తిప్పి చెక్కుతూ తల నెరిసిన మనిషి. అలాంటివాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఊరుకుంటాడా? మొదట కుక్కర్ మూత సరిగ్గా కూర్చోవడం లేదని ఆకురాయి పెట్టి రాశాడు. అది ఆ తర్వాత అసలు కూర్చోవడమే మానేసింది. తర్వాత గ్రైండరు వంకరగా తిరుగుతోందని ఊడదీశాడు. ఆపైన తలుపు గొళ్లెం, కుట్టుమిషను, పక్కింటివాళ్ల సైకిలు. చివరికి ఆయన భార్య నూకరత్నం వంటగది గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, వీపుతో దారి మూసి వంట చేసుకోవడం మొదలుపెట్టింది.

"నీకో లేత్ తెచ్చి పెరట్లో పడేస్తే గానీ నా కొంప నిలబడదు మావా," అందావిడ.

పోలినాయుడికి కావలసిందీ అదే. పెరట్లో పశువుల సాల ఖాళీగా ఉంది. పనికీ కొదవ లేదు. కొత్తగరువు చుట్టుపక్కల వేసవి వచ్చిందంటే ప్రతి మలుపులోనూ చెరకు రసం బండి ఉంటుంది. ప్రతి బండిలోనూ రోలర్లు అరుగుతాయి. అరిగిన రోలరుకి మళ్లీ గాళ్లు తీయాలంటే లేత్ కావాలి. బండ్లవాళ్ల పెద్ద ఎర్రయ్య ఇంటికొచ్చి మరీ మాట చెప్పి వెళ్లాడు.

"నాయుడన్నా, శివరాత్రి దాటీలోగా మిషను పెట్టీ. బండ్లన్నీ నీ గుమ్మంలోనే ఉంటాయి. ఆలీసం అయిందా, పట్నంలో ఒకడున్నాడు, ఆడికే మాటిచ్చీస్తాం. మల్లీ మనసు మారదు మరి."

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా కొత్తదా, పాతదా అన్న దగ్గరే వచ్చింది.

పాతదంటే ఎక్కడిదో కాదు, మిల్లులో ఆయన పని చేసిన లేతే. వేలంలో పాత ఇనుము కొట్టు గవర్రాజు పాడుకున్నాడు. ఏనుగులా కూర్చుని ఉంటుంది. కదిలించాలంటే పది మంది కావాలి. కింది ఇనుప పడకంతా బాగుంది గానీ, ముక్కని బిగించే చక్ దగ్గర కొంచెం అరిగింది. గేర్లు మారిస్తే దగ్గుతుంది. కొత్తది ఫణికుమార్ షోరూములో ఉంది. చిలకపచ్చ రంగు, గ్యారంటీ కాగితం, ఇంటి కరెంటు మీదే నడిచే మోటారు. కాకపోతే తేలిక. దాని దగ్గర గట్టిగా తుమ్మితే జరుగుతుందేమోనని అనుమానం.

పొద్దున్న కాఫీ వేళకి పోలినాయుడు కొత్తదానివైపు ఉండేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పాతదానివైపు వచ్చేసేవాడు.

"పెల్లిసూపులప్పుడు కూడా ఇంత ఆలోసించలేదు నువ్వు," అంది నూకరత్నం.

"అప్పుడు నాకెవరూ రెండు సూపించలేదు కదేటి," అన్నాడాయన. పీట మీద నుంచి గరిటె గాల్లో లేచింది. ఆ పూటకి చర్చ ముగిసింది.

ఇలా ఉండగా ప్రభుత్వం వారు 'ఇంటింటా కార్ఖానా' పథకం ప్రకటించారు. ప్రతి పెరట్లోనూ ఒక లేత్ తిరగాలి, ప్రతి లేత్ మీదా దేశం తిరగాలి అన్నారు. బళ్లలో 'నేనే లేత్‌నైతే' అని వ్యాసరచన పోటీలు పెట్టారు. జిల్లా ఫస్టు వచ్చిన పిల్ల లేత్‌ని ఎన్నడూ చూడలేదట, అందుకే అంత బాగా రాసిందని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. లేత్‌కయ్యే ఖర్చంతా ప్రభుత్వమే భరిస్తుందని విని పోలినాయుడు ఉతికిన చొక్కా తొడుక్కుని ఆ పథకం ఆఫీసుకి వెళ్లాడు.

ఆ ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మొన్నమొన్నటిదాకా అది నిరుద్యోగుల పేర్లు రాసుకుని ఉద్యోగాలు వేయించే ఆఫీసు. కొన్నాళ్లకి ఉద్యోగాలు అయిపోయాయి, ఆఫీసు మిగిలింది. పథకం రాగానే బోర్డు మార్చి 'గృహ కార్ఖానాల ప్రోత్సాహక శాఖ' అని రాయించారు. బోర్డు మారింది గానీ నిబంధనల పుస్తకం మారలేదు. కొత్త పుస్తకం కావాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలి. ఉన్న పుస్తకంలో మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకోవడం ఎలాగో తప్ప యంత్రాల్ని కొనడం ఎలాగో ఒక్క ముక్క లేదు. ఏం చేయాలని కింది సిబ్బంది అడిగితే డిప్యూటీ డైరెక్టర్ వేదాద్రి గారు కళ్లజోడు తుడుచుకుని ఇలా సెలవిచ్చారట. "పుస్తకంలో లేనిది చేయడం నేరం. పుస్తకంలో ఉన్నది లేత్‌కి చేయడం నేరమని ఎక్కడా లేదు."

పోలినాయుడు వెళ్లి సూపరింటెండెంట్ కామేశం గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"లేత్ కావాలండి."

"అలా అనకూడదు. మా గృహమునందు లేత్ పోస్టు ఒకటి ఖాళీగా ఉన్నది, తమరు దయతో భర్తీ చేయవలెను అనాలి."

"సరేనండి, బర్తీ సెయ్యండి. ఒకటి పాతదుందండి, ఒకటి కొత్తదుందండి. ఏది తీసుకోవాలో నాకే..."

"అది మీరు తేల్చేది కాదు. ఎంపిక సంఘం తేలుస్తుంది. ప్రతిభ ప్రాతిపదికన, పారదర్శకంగా, అభ్యర్థుల మధ్య ఎట్టి వివక్షా లేకుండా."

"అబ్యర్తులెవరండి?"

"లేత్‌లు."

పోలినాయుడు వెనక్కి తిరిగి చూశాడు. వరసలో ఉన్నవాళ్లలో ఒక్కడూ నవ్వడం లేదు. అడగడానికి వచ్చిన చోట నవ్వకూడదని మిల్లులో నేర్చుకున్న పాఠమే కాబట్టి తనూ నవ్వలేదు. పైగా ఆయనకి లోపల్లోపల హాయిగా కూడా అనిపించింది. ఇన్నాళ్లూ తను తేల్చుకోలేక చస్తున్న సంగతి ఎవరో పెద్దవాళ్లు తేలుస్తామంటున్నారు.

దరఖాస్తులు రెండూ కామేశం గారే షోరూముకి వచ్చి దగ్గరుండి నింపించారు. తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరు రాశారు. మాతృభాష దగ్గర ఇనుము అని రాశారు. పుట్టుమచ్చలు రెండు ఉండి తీరాలన్న చోట బండి ఆగింది. పాతదానికి సుత్తి దెబ్బలు కోకొల్లలు. కొత్తదాని ఒంటి మీద గీత కూడా లేదు.

"మచ్చల్లేని అభ్యర్థిని గుర్తుపట్టడం ఎలా?" అన్నారు కామేశం గారు. ఫణికుమార్ తన సరుకు మీద సుత్తి పడనివ్వనన్నాడు. ఆఖరికి నూకరత్నం తన కాటుక తెచ్చి చిలకపచ్చ రంగు మీద రెండు చుక్కలు పెట్టింది. దిష్టి తగలకుండా ఉంటుందని ఫణికుమార్ కూడా ఒప్పుకున్నాడు.

ఇంటర్వ్యూకి అభ్యర్థులు స్వయంగా హాజరు కావాలి. కొత్తది ఆటో ట్రాలీలో దర్జాగా వచ్చింది. పాతదాన్ని క్రేను తెచ్చి దించారు. ఇంటర్వ్యూ గది మేడ మీద ఉంది గనుక పాతదాన్ని మెట్లెక్కించాలని ఒక పూట ప్రయత్నం జరిగింది. రెండో మెట్టు విరిగాక వికలాంగులకిచ్చే వెసులుబాటు కింద ఎంపిక సంఘాన్నే కిందికి దింపారు. ఆవరణలో షామియానా వేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, వేదాద్రి గారు మధ్యలో కూర్చున్నారు.

మొదట కొత్తదాన్ని పిలిచారు.

"మీ గురించి మీ మాటల్లో చెప్పండి," అన్నారు వేదాద్రి గారు.

లేత్ ఏమీ చెప్పలేదు. పోలినాయుడు ఉండబట్టలేక "అది బాగా..." అనబోయాడు.

"అభ్యర్థి తరఫున ఇతరులు జవాబు చెప్పడం కాపీ కొట్టడంతో సమానం. బయటికి పంపించేస్తాను," అన్నారు కామేశం గారు. పోలినాయుడు నోటి మీద వేలు వేసుకున్నాడు.

"బిడియం. ఈ తరంలో అరుదైన గుణం," అని వేదాద్రి గారు మార్కులేశారు. "అనుభవం?"

ఫణికుమార్ గ్యారంటీ కాగితం చూపించాడు. అనుభవం నిల్.

"నిల్ అయితే ఎలాగండి? కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి."

"సార్, ఇది కొత్తది సార్! అదే దీని గొప్ప!"

"కొత్తవాళ్లందరూ చెప్పేది అదే."

"ఎవరో ఒకరు పని ఇస్తేనే కదా సార్ అనుభవం వచ్చేది?"

ఆ మాట విని సంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు. బోర్డు మార్చకముందు అదే ఆఫీసులో, అదే ప్రశ్న, ఎన్ని వేలమంది కుర్రాళ్లు అడిగారో వాళ్లకి గుర్తొచ్చినట్టుంది. జవాబు అప్పుడూ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వలేదు.

తర్వాత పాతదాన్ని పిలిచారు. స్విచ్చి వేయగానే అది ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, షామియానా గుంజలు అదిరేలా మాట్లాడ్డం మొదలుపెట్టింది. బల్ల మీది మంచినీళ్ల గ్లాసులు తమంతట తామే వేదాద్రి గారి వైపు నడిచాయి.

"వాగ్ధాటి ఉంది," అన్నారాయన చెవులు మూసుకుని.

"వయసు మీరిపోయింది సార్," అని కామేశం గారు గుర్తుచేశారు. "గరిష్ఠ వయోపరిమితి దాటి చాలా కాలమైంది."

పోలినాయుడు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఒకదానికి అనుభవం లేదు, ఇంకోదానికి వయసు మీరిపోయింది. ఆవల శివరాత్రి దగ్గరికి వచ్చేస్తోంది. అప్పుడు కామేశం గారే పుస్తకం తిరగేసి, మూతబడిన మిల్లుల కార్మికులకి వయసులో సడలింపు ఉందని కనిపెట్టారు. సదరు లేత్ మిల్లు కార్మికుడే కదా! తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది. పాత లేత్ ఎంపికైంది. కొత్త లేత్‌ని రిజర్వు జాబితాలో పెట్టారు.

వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. సర్కారు డాక్టరు గారు పాత లేత్ మీద స్టెతస్కోపు పెట్టి, ఒళ్లు చల్లబడిపోయిందనీ నాడి దొరకడం లేదనీ రాశారు. అది చనిపోయినట్టు లెక్క గనుక కుదరదన్నారు. పోలినాయుడు పరిగెత్తి మోటారు వేశాడు. ఈసారి నాడి నిమిషానికి ఐదువందలు కొట్టింది. డాక్టరు గారు బెదిరిపోయి, తక్షణం విశ్రాంతి అవసరమని పదిహేను రోజులు మెడికల్ లీవు రాసిచ్చారు. ఉద్యోగంలో చేరకముందే సెలవు దొరికిన అభ్యర్థి ఈ శాఖ చరిత్రలో ఇదే మొదటిదని కామేశం గారు అసూయగా అన్నారు.

మొత్తానికి సెలవు తీరాక లేత్ పశువుల సాలలోకి వచ్చింది. నూకరత్నం కొబ్బరికాయ కొట్టింది. పోలినాయుడు చక్ మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఊరికే నిలబడ్డాడు. మర్నాటికల్లా ఎర్రయ్య బండి రోలరు బిగించి, మొదటి గాడి తీశాడు. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే వంటగది గుమ్మం దగ్గరున్న పీటని నూకరత్నం తీసి గోడకి ఆనించింది. చాలా నెలల తర్వాత ఆ ఇంటికి శాంతి రావడం అదే మొదలు.

రోలరు సగం అయ్యేసరికి వీధిలో లారీ ఆగింది. కామేశం గారు దిగారు.

"మీ లేత్‌కి బదిలీ అయింది," అన్నారు.

"బదిలీ ఏటండి? ఇది నాది కదేటి?"

"కాదు. ఎంపికైన యంత్రం శాఖ ఉద్యోగి. మీ ఇల్లు దాని పని స్థలం మాత్రమే. సాధారణ బదిలీలు వచ్చాయి. ఈ ఉద్యోగి ఇంతవరకూ కొండ ప్రాంతంలో పని చేయలేదు. గుమ్మలగూడెం వేశారు."

"గుమ్మలగూడెంలో కరెంటే లేదు సార్!"

"పోస్టు ఉంది. కరెంటు వేరే శాఖ."

"రోలరు సగంలో ఉందండి. దాన్నేటి సెయ్యమంటారు?"

"చేతిలో ఉన్న పని పూర్తి చేసుకోవడానికి రిలీవింగుకి ముందు వారం రోజులు గడువుంటుంది. మానవతా దృక్పథం," అని కామేశం గారు లారీని వెనక్కి పంపేశారు.

కబురు బండ్లకంటే వేగంగా తిరిగింది. సాయంత్రానికి ఎర్రయ్య వచ్చి సాల గుమ్మంలో నిలబడ్డాడు. "నా ఒక్క రోలరుకైతే వారం సాలు. మిగతా బండ్లోల్లకి నేనేటి సెప్పను నాయుడన్నా? ఆల్లు పట్నం బయల్దేరుతామంటన్నారు." తిట్టి ఉంటే పోలినాయుడికి అంత బాధ కలిగేది కాదు. ఆయన సాలలోంచి నేరుగా వంటగదిలోకి నడిచి, గ్రైండరు దగ్గర కూలబడి, చేతికందిన మర ఒకటి విప్పడం మొదలుపెట్టాడు.

అది నూకరత్నం చూసింది. గ్రైండరు లాక్కుని, చెంగు బిగించింది. ఆవిడ చెల్లెలు రామతులసి బడిలో పంతులమ్మ. మొగుడు పోస్టాఫీసులో గుమస్తా. పదేళ్లుగా ఆ ఇద్దర్నీ ఒక ఊళ్లో నుంచి కదపలేకపోయారు.

"మీకు బదిలీ ఎలగ తప్పింది, తులసీ?" అని ఫోనులో అడిగింది.

"మొగుడూ పెల్లాం ఇద్దరూ ఉద్యోగాల్లో ఉంటే ఒక్కచోటే ఉంచాలక్కా. రూలుంది కదేటి."

మర్నాడు నూకరత్నం నేరుగా వేదాద్రి గారి గదిలోకే వెళ్లింది. కామేశం గారు అడ్డం పడబోయి, ఆవిడ మొహం చూసి పక్కకి జరిగారు.

"బాబూ, మా లేత్‌కి పెల్లి కుదిరింది. కొత్త లేత్‌తో. మీరే ఇంటర్వ్యూ సేసిన పిల్ల. ఇద్దర్నీ ఒక్కచోట వెయ్యండి."

పోలినాయుడు గుమ్మంలో నిలబడి తల వంచుకున్నాడు. ఇప్పుడైనా ఎవరో ఒకరు నవ్వుతారనుకున్నాడు. వేదాద్రి గారు గంభీరంగా పుస్తకం తెరిచారు.

"భార్యాభర్తల నిబంధన వర్తించాలంటే ఇద్దరూ సర్వీసులో ఉండాలి. వధువు రిజర్వు జాబితాలోనే ఉంది."

"అయితే ఉద్యోగం ఇచ్చీండి. పెల్లి కోసం ఆపకూడదు బాబూ. పెల్లి ఫైలు ఆపినోల్లింట్లో పెల్లిల్లు ఆగిపోతాయంటారు."

ఆ మాట పని చేసింది. వేదాద్రి గారికి పెళ్లికెదిగిన కూతుళ్లు ఇద్దరున్నారు. కామేశం గారి తమ్ముడికి ఎన్నాళ్లుగానో సంబంధం కుదరడం లేదు. ఫైలు బల్ల మీంచి బల్ల మీదికి ఎగిరింది. ఆ ఆఫీసులో ఏ కాగితమూ అంత పరుగు తీసి ఎరగదు. మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్త లేత్‌కి నియామకం అయిపోయింది.

సాయంత్రం కామేశం గారే మళ్లీ అడ్డుకున్నారు. మొహం పాలిపోయి ఉంది.

"సార్, ఘోరం తప్పింది. వధువు తయారై మూడు నెలలే అయింది. ఇది బాల్యవివాహం!"

వేదాద్రి గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. పోలినాయుడికి కళ్ల ముందు లారీ కనబడింది, కొండ కనబడింది, పట్నం వైపు వరసగా వెళ్లిపోతున్న చెరకు బండ్లు కనబడ్డాయి.

"ఫణికుమార్ని పిలిపించండి," అంది నూకరత్నం.

ఫణికుమార్ వచ్చాడు. ఆవిడ అతణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగింది. "బాబూ, నిజం సెప్పు. ఈ లేత్ పోత పోసిన ఇనుం ఎక్కడిది?"

"ఎక్కడిదేంటమ్మా? కొత్త లేత్, కొత్త ఇనుము. బ్రాండ్ న్యూ."

"మా గవర్రాజు కొట్లో పాత ఇనుం లారీల్లో ఎక్కడికెల్తాది మరి? కరగబోసీ కార్ఖానాలకి కాదేటి?"

ఫణికుమార్ అటూ ఇటూ చూశాడు. కొత్తదని నోరు నొప్పెట్టేలా చెప్పి చెప్పి అమ్మేవాడికి అది ప్రాణసంకటమే. కాని ఒప్పుకోకపోతే అమ్ముడైన లేత్ వెనక్కి వచ్చేస్తుంది.

"పాత ఇనుమేనండి," అన్నాడు గొణుగుతూ.

"గట్టిగా చెప్పండి. రికార్డులోకి ఎక్కాలి," అన్నారు కామేశం గారు.

"పాత ఇనుమేనండీ! రైలు పట్టాలు, ఓడ ముక్కలు, పాత లేత్‌లు, అన్నీ కరగబోసి పోసిందేనండీ! రంగొక్కటే కొత్తది!"

వేదాద్రి గారి మొహం వెలిగిపోయింది. "అంటే వధువు ఎప్పుడో మేజరైంది. చెప్పాలంటే వరుడికంటే పెద్దదే అయి ఉండొచ్చు."

"పెద్దదైతే ఏటి?" అంది నూకరత్నం. "ఇంటికి దక్సత ఉంటాది."

పెళ్లి ఆఫీసు ఆవరణలోనే, ఆ షామియానా కిందే జరిగింది. పాత లేత్ గేర్ల మీద పసుపు రాశారు. కొత్తదాని చక్‌కి తాళి కట్టారు. పోలినాయుడు వరుడి వైపు పెద్దగా కూర్చున్నాడు. ఫణికుమార్ కాళ్లు కడిగి కన్యాదానం చేశాడు. కొత్త లేత్ అత్తవారింటికి వెళ్తుంటే అతని కళ్లు నిజంగానే చెమర్చాయి. బదిలీ రద్దు కాగితం మీద వేదాద్రి గారు అక్షింతలు పడ్డ చేత్తోనే సంతకం చేశారు.

శివరాత్రికి ముందునాడే పెరట్లో రెండు మోటార్లూ తిరిగాయి. బరువు పనులు పాతది చేస్తోంది, చిన్నవీ సన్నవీ కొత్తది చేస్తోంది. ఏది కొనాలి అన్న ప్రశ్నకి పోలినాయుడు ఇప్పటికీ జవాబు చెప్పలేడు. చెప్పవలసిన అవసరం ఇప్పుడు లేదు. చెరకు బండ్లు వీధి మలుపు దాకా బారులు తీరాయి. వాటిలో ఒక బండి మీద అక్కడికక్కడే రసం తీసి వచ్చేపోయేవాళ్లకి పోస్తున్నాడు ఎర్రయ్య.

రెండో బండివాడు అరిగిన రోలరు భుజానెత్తుకుని లోపలికొచ్చాడు.

"నాయుడు బావా, ఇది బాగా అరిగిపోనాది. దీన్నే తిప్పించుకోమంటావా, కొత్తది కొనీమంటావా?"

నూకరత్నం ఉలిక్కిపడి వీధి వైపు చూసింది. గబగబా వచ్చి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మాట మెల్లిగా అడగరా నాయనా. కామేశం గారు బయట రసం తాగుతన్నారు."